సీఎస్ఈలో సీటొచ్చింది సరే, నాలుగేళ్ళు ఎలా చదవాలి

మొన్న మా పిన్ని వాళ్ళబ్బాయికి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ సీటొచ్చింది, ఇక్కడే వైజాగ్‌లో మధురవాడ దాటాక ఒక కాలేజీలో. పిన్ని ఫోన్ చేసి "ఒరే, నువ్వూ అదే చదివావు కదా, వీడికి కాస్త చెప్పరా ఎలగ చదవాలో, మాకేటి తెలుస్తాది" అంది. ఫోన్‌లో గంట చెప్పాను, అయినా సగం కూడా చెప్పినట్టు అనిపించలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా. వాడి కోసం మొదలుపెట్టినా గాజువాక, పెందుర్తి, అనకాపల్లి, విజయనగరం వైపు నుంచి ఈ కాలేజీ బస్సులెక్కే పిల్లలందరికీ పనికొస్తుందనే రాస్తున్నా. నేను 2013లో చేరి 2017లో బయటికొచ్చా, సిలబస్ అప్పటికీ ఇప్పటికీ కొంచెం మారింది గానీ చదివే పద్ధతిలో పెద్ద మార్పేం లేదు.

ముందు ఒకటే మాట. ఇంటర్‌లో మనకి అలవాటైన బట్టీ ఇక్కడ ఫస్ట్ సెమ్ వరకూ లాక్కొస్తుంది, ఆ తర్వాత ముంచేస్తుంది. ప్రోగ్రాం అంటే గుర్తుపెట్టుకునేది కాదు, కాయితం మీద మన చేత్తో మనం నడిపించి చూసేది. నాకిది అర్థం కావడానికి ఏడాదిన్నర పట్టింది, మీకు మొదటి నెలలోనే తెలియాలని నా తాపత్రయం.

నా సంగతి చెప్తా. ఫస్టియర్ సీ లాంగ్వేజ్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌లో నాకు స్వాప్ ప్రోగ్రాం వచ్చింది, రెండు నంబర్లని తారుమారు చేసేది. రికార్డులో ఉన్నదే కాబట్టి చకచకా రాసేశా, అవుట్‌పుట్ కూడా వచ్చింది. వైవాకొచ్చిన సార్ నా కాయితం తీసుకుని అందులో స్టార్ గుర్తులూ ఆంపర్సండ్ గుర్తులూ పెన్నుతో కొట్టేసి "ఇప్పుడు రన్ చేస్తే ఏం ప్రింట్ అవుద్ది, ఎందుకు" అని అడిగారు. నేను నిలబడిపోయా. ఆ ప్రోగ్రాం ప్రతి లైనూ నాకు నోటికొచ్చు, ఒక్క లైను ఎందుకుందో కూడా తెలీదు.

జవాబు చాలా సింపుల్. మెయిన్‌లో, అంటే ప్రోగ్రాం మొదలయ్యే చోట, రెండు డబ్బాలున్నాయి అనుకోండి, ఒకదాన్లో 5, ఇంకోదాన్లో 7. స్టార్లు లేకుండా ఫంక్షన్‌కి పంపితే వెళ్ళేవి డబ్బాలు కాదు, వాటిలో ఉన్న అంకెల జెరాక్స్ కాపీలు. ఫంక్షన్ ఆ జెరాక్స్‌లని అటూ ఇటూ మార్చి పనైపోగానే పడేస్తుంది, అసలు డబ్బాల్ని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి మెయిన్‌లోకి తిరిగొస్తే 5, 7 అలాగే ఉంటాయి. అదే అడ్రస్ పంపితే, అంటే ఈ డబ్బా ఫలానా చోట ఉంది, వెళ్ళి దాన్లోనే మార్చు అని చెప్తే, అప్పుడు నిజంగా మారతాయి. పాయింటర్ అంటే ఇంతే, డబ్బా ఎక్కడుందో రాసుకున్న చీటీ. ఈ ముక్క తెలిస్తే తర్వాత డేటా స్ట్రక్చర్స్‌లో సగం భయం పోతుంది.

ఆ తర్వాతి ఏడు 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. వైజాగ్ వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మా వీధిలో స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంట్ లేదు, సిగ్నల్ లేదు, కాలేజీ లేదు. సెలవుల తర్వాత మిడ్స్ ఉంటాయన్నారు, నా దగ్గర ఉన్నవల్లా నోట్సూ పెన్నూ. లింక్‌డ్ లిస్ట్, అంటే ఒక్కో ముక్కా తర్వాతి ముక్క ఎక్కడుందో చెప్పే వరస, అస్సలు ఎక్కేది కాదు నాకు. అరుగు మీద కూర్చుని కేలెండర్ వెనక కాయితం చింపి చీటీలు చేశా, ఎగిరిపోకుండా ఒక్కో చీటీ మీద ఒక్కో చింతపిక్క పెట్టా. చీటీ పైన నంబరు, కింద తర్వాతి చీటీ అడ్రస్. మొదటి చీటీలో 10, అది 500 అనే చోట ఉంది, రెండోదాన్లో 20, అది 620లో, మూడోదాన్లో 40, అది 310లో. అంటే 10 చీటీ కింద 620 అని, 20 చీటీ కింద 310 అని, 40 కింద నల్ (ఇక తర్వాత ఏం లేదని) అని రాసుకున్నా.

ఇప్పుడు 20కీ 40కీ మధ్యలో 30 పెట్టాలి, కొత్త చీటీ 750లో ఉందనుకోండి. నేనేం చేశానంటే తొందరపడి ముందు 20 చీటీ కింద 310 కొట్టేసి 750 అని రాసేశా. తర్వాత కొత్త చీటీ కింద 20 చీటీలో ఉన్న అడ్రస్ కాపీ చెయ్యాలి, చూస్తే అక్కడ ఉన్నది 750. అంటే 30 చీటీ తననే చూపిస్తోంది. 40 చీటీ అక్కడే అరుగు మీద నా కళ్ళ ముందే ఉంది, కానీ దాని అడ్రస్ ఎక్కడా రాసి లేదు, ఏ చీటీ నుంచీ దాని దగ్గరికి వెళ్ళలేం. కంప్యూటర్‌లో అయితే 30, 30, 30 అని ఆగకుండా ప్రింట్ అవుతూనే ఉంటుంది. ముందు కొత్త చీటీ కింద 310 రాసుకుని, ఆ తర్వాతే 20 చీటీ మార్చాలి. పుస్తకంలో రెండు లైన్ల వరస అది, ఎన్నిసార్లు బట్టీ పట్టినా పరీక్షలో తిరగేసి రాసేవాడిని, ఆ చీటీల తర్వాత ఈ రోజుకీ తప్పు రాయలేదు.

అందుకే మా తమ్ముడికి మొట్టమొదట చెప్పింది, ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొనుక్కో, దాని పేరు ట్రేస్ పుస్తకం. ఎడమ పేజీలో ప్రోగ్రాం చేత్తో రాయాలి, కుడి పేజీలో ప్రతి వేరియబుల్‌కీ, అంటే విలువ దాచే డబ్బాకీ, ఒక కాలమ్ గీయాలి. ఒక్కో లైను నడిపిస్తూ ఏ కాలమ్‌లో విలువ మారిందో కింద కింద రాసుకుంటూ వెళ్ళాలి, చివర్న ఏం ప్రింట్ అవుద్దో ముందే రాసేయాలి. అప్పుడు మాత్రమే సిస్టమ్‌లో రన్ చెయ్యాలి. మీరు రాసిందీ అదిచ్చిందీ ఒకటైతే మంచిది, వేరైతే ఇంకా మంచిది, ఎక్కడ తేడా వచ్చిందో వెతికి ఆ లైను ఎర్ర పెన్నుతో గీసుకోండి. పరీక్ష ముందు రోజు చదవాల్సింది ఆ ఎర్ర గీతలే. రోజుకి ఒక్క ప్రోగ్రాం చాలు, ముప్పావు గంట పడుతుంది.

ట్రేస్ అయ్యాక ఇంకో పని, ప్రోగ్రాంని కావాలని చెడగొట్టడం. ఉదాహరణకి బైనరీ సెర్చ్ తీసుకోండి, ప్రతిసారీ మధ్యలో చూసి సగం వదిలేస్తూ వెతకడం. 3, 8, 15, 22, 31, 40, 56 అని ఏడు నంబర్లు వరసలో ఉన్నాయి, 0 నుంచి 6 వరకూ స్థానాలు. 40 కావాలి. మధ్య స్థానం 3, అక్కడ 22 ఉంది, మనకి కావాల్సింది పెద్దది కాబట్టి ఎడమ సగం వదిలేశాం, ఇప్పుడు 4 నుంచి 6, మధ్య 5, అక్కడ 40, దొరికింది, రెండు చూపుల్లో అయిపోయింది. ఇప్పుడు చెడగొడదాం. లూప్ కండిషన్‌లో మొదలు లెస్ దేన్ ఆర్ ఈక్వల్ టు చివర అని ఉంటుంది, ఆ ఈక్వల్ తీసేయండి. 40 కోసం వెతికితే మళ్ళీ కరెక్టుగానే వస్తుంది, అబ్బే ఏం తేడా లేదే అనిపిస్తుంది. 56 కోసం వెతకండి. 3 దగ్గర చూసింది, 5 దగ్గర చూసింది, ఇప్పుడు మొదలు 6, చివర 6, రెండూ సమానం కాబట్టి లూప్‌లోకి వెళ్ళకుండానే లేదు అని చెప్పేస్తుంది, 56 అక్కడే ఉన్నా సరే. ఒక్క ఈక్వల్ గుర్తు ఎందుకుందో మీరు ఇక జన్మలో మర్చిపోరు. ఇదే బైనరీ సెర్చ్ 10 లక్షల నంబర్లలో వెతికినా 20 చూపులకి మించి పట్టదు, ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే 10 లక్షల వరకూ పట్టొచ్చు, టైమ్ కాంప్లెక్సిటీ అని భయపెట్టే చాప్టర్ అసలు విషయం ఇదే.

టైమ్ ఎక్కడిది అంటారు. నిజమే, గాజువాక నుంచి తగరపువలస వైపు కాలేజీ అంటే పొద్దున్నే బస్సెక్కాలి, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దాటేసరికే నీరసం వచ్చేస్తుంది, సాయంత్రం ఇంటికొచ్చేసరికి చీకటి. నేను చేసిందేంటంటే పొద్దున బస్సులో చదవడం పూర్తిగా మానేసి పడుకునేవాడిని, సాయంత్రం బస్సులో మాత్రం ఆ రోజు క్లాసులో చెప్పింది పుస్తకం తెరవకుండా గుర్తు తెచ్చుకునేవాడిని, రానిది ఫోన్‌లో ఒక లైను రాసుకునేవాడిని, ఇంటికెళ్ళి ఆ లైన్లే చదివేవాడిని. హాస్టల్ పిల్లలకి టైమ్ ఎక్కువే గానీ రూమ్‌లో చదువు సాగదు, లైబ్రరీకి పోండి. సెలవు రోజుల్లో ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది, ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) పిల్లలకైతే వి.ఎస్. కృష్ణా లైబ్రరీ ఉండనే ఉంది, ఎంత మంచి చోటో. సాయంత్రం బీచ్‌కెళ్ళి మురీ మిక్చర్ తినడం మానమని నేను చెప్పను, అది లేకపోతే వైజాగ్‌లో చదివి ఏం లాభం.

తెలుగు మీడియం నుంచి వచ్చిన వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట, ఎందుకంటే మా క్లాసులో బాగా తెలివైన వాళ్ళు కొందరు ఇంగ్లీష్ వల్లే మొదటి సెమ్‌లో వెనకబడిపోయారు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఏ కాన్సెప్ట్ అయినా ముందు మీ తెలుగులో మీ అమ్మకి చెప్తున్నట్టు చెప్పుకోండి. రికర్షన్ అంటే తనని తానే పిలుచుకునే ఫంక్షన్, ఎక్కడో ఒక చోట ఆగాలి, లేకపోతే మెమరీ అయిపోయి పడిపోతుంది. ఇలా మీకు అర్థమయ్యాక దాన్నే ఇంగ్లీష్‌లో మూడు చిన్న వాక్యాలుగా రాయండి, పెద్ద పెద్ద వాక్యాలు ఎవరూ అడగరు. రోజుకి టెక్స్ట్ బుక్ ఒక్క పేజీ, ఆల్ ఇన్ వన్ గైడు కాదు, అసలు టెక్స్ట్ బుక్. మొదట్లో ఒక పేజీకి గంట పడుతుంది, రెండో సెమ్‌కి పావుగంటలో అయిపోతుంది. క్లాసులో అర్థం కాకపోతే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, 2003 నుంచి నడుస్తున్న ప్రోగ్రాం అది, స్పీడ్ తగ్గించి సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి.

మార్కుల లెక్క కూడా తెలిసుండాలి, దీన్ని చిన్నచూపు చూడొద్దు. జేఎన్‌టీయూ కింద ఉన్న కాలేజీల్లో మామూలుగా థియరీకి ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. అటానమస్ కాలేజీల్లో, గీతం లాంటి డీమ్డ్ వర్సిటీల్లో, ఏయూలో లెక్కలు వేరుగా ఉంటాయి, చేరిన వారంలోనే మీ రెగ్యులేషన్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి మొదటి పది పేజీలు చదవండి, పాస్‌కి ఎంత, క్రెడిట్లు ఎన్ని, ఎన్ని పోతే డిటైన్ చేస్తారు అన్నీ అందులోనే ఉంటాయి. అటెండెన్స్ 75 శాతం, అది దాటి కింద పడితే కండోనేషన్ (అటెండెన్స్ తగ్గినందుకు ఫీజు) కట్టుకుంటూ తిరగాలి. ఎక్స్‌టర్నల్‌కి పాత పేపర్లు ఐదేళ్ళవి ప్రింట్ తీసి యూనిట్ వారీగా కత్తిరించి అంటించుకోండి, ఏ యూనిట్‌లో ఏది తిరిగి తిరిగి అడుగుతున్నాడో కళ్ళకి కనిపిస్తుంది. ఎవరో చెప్పిన ఇంపార్టెంట్ క్వశ్చన్స్ మీద ఆధారపడకండి. సబ్జెక్టు పోతే మాత్రం దాచుకోవద్దు, ఇంట్లో చెప్పేయండి, వెంటనే వచ్చే సప్లీలోనే రాసేయండి, ఎందుకంటే ఒకటి మిగిలితే వచ్చే సెమ్ ఐదు సబ్జెక్టుల మీద అది ఆరోదవుద్ది, అక్కడి నుంచే గుట్ట పెరుగుతుంది.

ఇక సబ్జెక్టులు. డిస్క్రీట్ మ్యాథ్స్ ఎందుకులే అని వదిలేస్తారు చాలామంది, వదలకండి, థర్డ్ ఇయర్‌లో ఆటోమేటా వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివేటప్పుడు పక్కన లైనక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ఉండి తీరాలి, దాన్ని విండోస్ ల్యాప్‌టాప్‌లోనే నడిపించడానికి డబ్ల్యూఎస్ఎల్ వేసుకోవచ్చు. ఫోర్క్ అనే కాల్ (నడుస్తున్న ప్రోగ్రాంకి ఇంకో కాపీ పుట్టించేది) మూడుసార్లు వరసగా రాసి కింద హలో ప్రింట్ చేయమనండి, ఎన్ని హలోలు వస్తాయో ముందు ట్రేస్ పుస్తకంలో చెట్టులా గీసి చెప్పండి, ఎనిమిది వస్తాయి, ఎందుకో మీరే చూసుకుంటారు. పేజ్ రీప్లేస్‌మెంట్‌లో, అంటే మెమరీ నిండితే ఏ పేజీ తీసి కొత్తది పెట్టాలో చూసే చోట, ఇంకో వింత ఉంది, 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5 అనే వరసని ఫిఫో (ముందొచ్చింది ముందు పోయే) పద్ధతిలో మూడు ఫ్రేములతో, అంటే మూడు పేజీలు పట్టే చోటుతో చేస్తే 9 ఫాల్టులు, అంటే కావాల్సిన పేజీ అక్కడ లేకపోవడం 9 సార్లు, నాలుగు ఫ్రేములిస్తే తగ్గాలి కదా, 10 వస్తాయి. చోటు ఎక్కువిస్తే తప్పులు పెరగడం ఏంటి అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అలాంటి చోటే సబ్జెక్టు మీద ఇష్టం పుడుతుంది. చేత్తో చేసి చూడండి దయచేసి.

డీబీఎంఎస్‌కి, అంటే డేటాబేస్ సబ్జెక్టుకి, పుస్తకంలో ఉండే ఎంప్లాయీ, డిపార్ట్‌మెంట్ టేబుళ్ళు వదిలేసి మన సిటీ బస్సులు తీసుకోండి. 222 బస్సు మద్దిలపాలెంలో ఆగుతుంది, మద్దిలపాలెంలో ఇంకా బోలెడు బస్సులు ఆగుతాయి. రూట్ టేబుల్‌లోనే స్టాపులన్నీ కామాలు పెట్టి రాసేస్తే మద్దిలపాలెం మీదుగా వెళ్ళే బస్సులేంటి అని అడిగినప్పుడు ఇబ్బంది పడతారు, స్టాప్ పేరు ఒకచోట స్పెల్లింగ్ మారితే ఇంకా గొడవ. రూట్లకి ఒక టేబుల్, స్టాపులకి ఒక టేబుల్, ఏ రూట్ ఏ స్టాపులో ఎన్నోదిగా ఆగుతుందో చెప్పే మూడో టేబుల్, ఇలా విడగొట్టడమే నార్మలైజేషన్. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది, మీ కాలేజీ బస్సులతో కూడా చేయొచ్చు. కంప్యూటర్ నెట్‌వర్క్స్ కూడా అంతే, కమాండ్ ప్రాంప్ట్‌లో tracert (లైనక్స్‌లో అయితే traceroute) కొట్టి మన ప్యాకెట్ ఎక్కడెక్కడ తిరిగి వెళ్తుందో చూశాక రౌటింగ్ చదవండి. 2025 అక్టోబర్‌లో గూగుల్ వైజాగ్‌లో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించాక అందరూ ఏఐ ఏఐ అంటున్నారు, డేటా సెంటర్ అంటే లోపల ఉండేది సర్వర్లూ, లైనక్సూ, నెట్‌వర్కూ, మనం థర్డ్ ఇయర్‌లో బోర్ అని వదిలేసేవి.

బ్రాంచ్ పేరు గురించి కూడా అడుగుతున్నారు, సీఎస్ఈ రాలేదు, ఏఐఎంఎల్ వచ్చింది, డేటా సైన్స్ వచ్చింది, ఐటీ వచ్చింది అని. మొదటి రెండేళ్ళు దాదాపు ఒకటే, దిగులొద్దు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు చెన్నై గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో డిగ్రీ చేసింది సివిల్ ఇంజనీరింగ్‌లో, ఆయనకే 1994లో కృత్రిమ మేధలో (ఏఐలో) చేసిన పనికి కంప్యూటర్ సైన్స్‌లో అతి పెద్దదైన ట్యూరింగ్ అవార్డ్ వచ్చింది.

ల్యాప్‌టాప్ విషయం త్వరగా చెప్పేస్తా. 16 జీబీ ర్యామ్ ఉంటే హాయి, 8తో కూడా నాలుగేళ్ళు గడుస్తాయి, ఎస్ఎస్‌డీ మాత్రం ఉండాలి, గ్రాఫిక్స్ కార్డ్ కోసం ఇంట్లో అప్పు చేయించొద్దు. ఫస్ట్ సెమ్ ల్యాప్‌టాప్ లేకపోయినా పర్లేదు, కాలేజీ ల్యాబూ ట్రేస్ పుస్తకమూ చాలు.

ఛాట్‌జీపీటీ లాంటివి వాడొచ్చా అని మా తమ్ముడు మొదటి రోజే అడిగాడు. వాడు, కానీ వరస మార్చకు అన్నా. ముందు నువ్వు ట్రేస్ చెయ్యి, నీ ప్రోగ్రాం నువ్వు రాయి, అరగంట కొట్టుకున్నా రాకపోతే అప్పుడు అడుగు, అది కూడా కోడ్ ఇవ్వమని కాదు, నా ఆలోచన ఎక్కడ తప్పిందో చెప్పమని అడుగు. అదిచ్చిన జవాబు కూడా తప్పవ్వొచ్చు, దాన్నీ పుస్తకంలో ట్రేస్ చేసి చూడు. అసైన్‌మెంట్ మొత్తం దాని చేత రాయించుకుంటే ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో బోర్డు మీద మార్కర్ ఇచ్చి రాయమన్నప్పుడు, ఫస్టియర్ వైవాలో నేను నిలబడినట్టే నిలబడాల్సొస్తుంది.

థర్డ్ ఇయర్‌కి వచ్చేసరికి రెండు దారులు, ప్లేస్‌మెంట్స్, లేదా గేట్. గేట్ సీఎస్ పేపర్ మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు, స్కోర్ మూడేళ్ళు చెల్లుతుంది, ఎంటెక్‌కీ కొన్ని ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలకీ పనికొస్తుంది. గేట్ రాయాలని లేకపోయినా ప్రతి సబ్జెక్టు అయ్యాక ఆ సబ్జెక్టు పాత గేట్ ప్రశ్నలు పది చేసి చూడండి, సెమిస్టర్ పరీక్షలో 60 వచ్చినా ఎంత అర్థమైందో అక్కడ తేలిపోతుంది. ప్లేస్‌మెంట్స్‌కి ఆప్టిట్యూడ్ 3-1 (మూడో ఏడు మొదటి సెమ్) నుంచే రోజుకి అరగంట చేసుకోండి, 4-1లో డ్రైవ్‌లు మొదలయ్యాక అప్పుడు పుస్తకం తెరిస్తే కంగారు తప్ప ఏం మిగలదు.

చివరి ఏడు ప్రాజెక్ట్. నలుగురు కలిసి బ్యాచ్ అవుతారు, ఒకడు చేస్తాడు, ముగ్గురు పేర్లు పెట్టుకుంటారు, బయట డబ్బులిచ్చి కొనుక్కునే వాళ్ళూ ఉన్నారు, ఆ పని మాత్రం చేయకండి. చిన్నదైనా మీదే చేయండి, ఆ బస్సుల డేటాబేస్‌నే పెంచితే చాలు, ఏ స్టాప్ నుంచి ఏ స్టాప్‌కి ఎలా వెళ్ళాలో, ఎక్కడ మారాలో చెప్పేదిగా. స్టాపులు నోడ్లు (చుక్కలు), బస్సులు ఎడ్జులు (వాటిని కలిపే గీతలు), సెకండ్ ఇయర్‌లో చదివిన గ్రాఫ్‌లే. మొదటి రోజు నుంచే గిట్‌లో (కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచేది) పెట్టి, ఆన్‌లైన్‌లో కూడా ఒక కాపీ ఉంచండి, ఏ రోజు చేసింది ఆ రోజే ఎవరి పేరుతో వాళ్ళు కమిట్ చెయ్యాలి, అప్పుడు రివ్యూలో ఎవరు ఏం చేశారో గొడవుండదు, ల్యాప్‌టాప్ పాడైనా పని పోదు. వైవాకి రెండు రోజుల ముందు నలుగురూ కూర్చుని ఒకళ్ళ కోడ్‌లో ఒకళ్ళు ఒక్కో లైను కొట్టేసి, ఇప్పుడేం అవుద్ది, ఎందుకు అని అడుక్కోండి.